మెట్టుకి అర్ధరూపాయి

చిట్టినగర్ సొరంగం కొండ మీద
మా ఇంటికి నూట ఎనభై ఆరు మెట్లు.
కింద దుకాణంలో పంచదార ధర ఒకటి,
మా గడప దగ్గర ఇంకొకటి.
మధ్య తేడా మోకాళ్ళు కడతాయి.

హసీనా నాలుగో తరగతి నోటుబుక్కులో
మిగిలిన తెల్ల కాగితాలు నావి.
ఎడం పేజీలో దాని తీసివేతలు, టీచరమ్మ ఎర్ర ఇంటూలు.
కుడి పేజీలో నా తీసివేతలు.
నావి ఎవరూ దిద్దరు.

కాళేశ్వర్రావు మార్కెట్‌కి
నేను రాత్రి ఎనిమిది దాటాకే పోతాను.
అప్పటికి వంకాయకి పొగరు దిగుతుంది,
తోటకూర తల వాల్చి బేరానికొస్తుంది.
నూనె ప్యాకెట్టు ఖాళీ అయిందంటే నమ్మను:
కత్తెరతో చీల్చి, పొగలు కక్కే అన్నం ఓ ముద్ద
లోపల వేసి నాలుగు వైపులా తిప్పుతాను,
చిటికెడు కారం, ఉప్పు.
ఆ ముద్ద కోసం మా ఆయనా హసీనా పోట్లాడుకుంటారు.
అరిగిన సబ్బుబిళ్ళని కొత్తదాని వీపుకి అంటిస్తాను,
చంటిదాన్ని కట్టుకున్నట్టు.

ఫోనోళ్ళ నెలకి ఇరవై ఎనిమిది రోజులే.
ఏడాదికి పదమూడు నెలలు వాళ్ళకి.
పరుపుల్లో దూది కూరి కూరి తుమ్మే మా ఆయనకి
షావుకారు పన్నెండే ఇస్తాడు.
ఆ పదమూడోది ఎవరిస్తారు?
నేనే,
ఉల్లిపాయలోంచి సగం తీసి.

గ్యాసు లారీ కొండ కిందే ఆగిపోతుంది.
ఏసోబు బండ భుజానేసుకుని ఎక్కుతాడు,
మెట్టుకి అర్ధరూపాయి.
తొంభై మూడు. మూడు వదిలేస్తాడు.
మా ఇంట్లో బండ యాభై రెండు రోజులొస్తుంది:
పప్పు ముందు రాత్రే నానుతుంది,
అన్నం ఒక్క పొంగు రాగానే పొయ్యి కట్టేసి
తుక్కుదూది బొంతలో గిన్నె చుట్టేస్తాను,
అదే మగ్గుతుంది లోపల, అలిగి పడుకున్నట్టు.
అంటే ఏసోబుకి రోజుకి రూపాయి ముప్పావలా.
ఆ గీత దగ్గర నా కలం ఆగింది.

పోయిన బండ నేనూ మా ఆయనా మోశాం.
తువ్వాలు చుట్టి, చెరో వైపు పట్టి,
ముప్పై మెట్లకోసారి దించి,
ఎవరి అరుగు మీదో మంచినీళ్ళు అడిగి,
గంటా పది నిమిషాలు.
పంపు దగ్గర కూచుని చూశాడు ఏసోబు.
తువ్వాలు జారినప్పుడు మాత్రం
"కుడి భుజం కాదక్కా, ఎడమది" అన్నాడు.

రాత్రి రాశాను: మిగిలింది తొంభై.
రెండుసార్లు గీత కొట్టాను కింద.

ఏసోబు వాళ్ళది రెండొందల పదో మెట్టు.
వాళ్ళ బండ కూడా వాడే మోస్తాడు, కూలి లేకుండా.
వాడి పెళ్ళాం మరియమ్మ
మార్కెట్లో నా పక్కనే, అదే వేళకి,
అవే వాడిన వంకాయలు ఏరుతుంది.
ఆ వారం అరకేజీ అడిగే నోరు పావుకేజీ అడిగింది.
విన్నాను.
విననట్టు తోటకూర కట్టలు తిరగేశాను.

నిన్న మళ్ళీ లారీ వచ్చింది.
మా ఆయన తువ్వాలు దులిపాడు.
నడుం పట్టేసిందన్నాను. అబద్ధం.
కొండంచు నుంచి "ఏసోబూ" అని కేకేశాను.
ఎడమ భుజానికే ఎత్తాడు.
పైన దించి, చెమట విదిల్చి,
"ఎనభై చాలక్కా" అన్నాడు.
తొంభై పెట్టాను చేతిలో.
తగ్గిస్తానన్నవాడికి ఎక్కువివ్వడం
నా వేళ్ళకి తెలీని పని, కాస్త తడబడ్డాయి.
ఆ పూట నూనె ప్యాకెట్టు ముద్ద
మా ఇంట్లో ఎవరికీ దక్కలేదు.

రాత్రి పుస్తకం తెరిచాను.
బండ కూలి, తొంభై. అంతవరకూ బాగానే ఉంది.
వాడు వద్దన్న పదీ, ఆ ముద్దా
ఏ పద్దు కింద రాయాలి?
ఏదో రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను.

హసీనా నా భుజం మీంచి తొంగి చూసి
"అమ్మా, లెక్క తేల్లేదు" అంటూ
ఎర్ర పెన్సిల్ కోసం వెతుకుతోంది.
అరంగుళం ముక్క అది.
పారెయ్యకుండా నేనే దాచాను,
ఎక్కడో.